నైరుతి తూము

మా పెరట్లో నీళ్ళు నిలవడం దేవుడి పని అని మా తోటికోడలు నూకరత్నం ఊరంతా చెప్పుకుని తిరిగింది. దేవుడికి వేరే పనేమీ లేదు మరి. నీళ్ళు పల్లానికి పోతాయి, పోయే దారి మూసేస్తే నిలుస్తాయి. ఇందులో దేవుడెక్కడున్నాడని నేనడిగితే రమణికి నోరెక్కువ అన్నారు. ఎక్కువే. చీలమండ లోతు నీళ్ళలో నిలబడి అంట్లు తోముకునేదాన్ని, నోరు తగ్గించుకుని ఎవరిని ఉద్ధరించాలి?

మాది జలంత్రకోట దాటాక బీల అనే చిత్తడి పల్లం వైపు వెళ్తే వచ్చే ఊరు. ఉద్దానం అంటే ఇసుక నేల, ఎంత వాన పడినా ఇట్టే ఇంకిపోతుందని అందరూ అనుకుంటారు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో అంతే. మా వరస ఇళ్ళు మాత్రం బీల అంచున బంకమట్టి మీద ఉన్నాయి. తూర్పు ముఖాన వీధి, పడమట పెరళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. దక్షిణం కొసన మా ఇల్లు. దాన్ని ఆనుకుని ఉత్తరాన మా బావగారు గోవిందరావు ఇల్లు. నూకరత్నం మొగుడు, మా ఆయన తాతారావుకి సొంత అన్న. మా పెరట్లో పడ్డ వాన, రెండు పెరళ్ళ మధ్య ప్రహరీ అడుగున ఉన్న తూములోంచి బావగారి పెరట్లోకి, అక్కడినుంచి ఊరి కాలవలోకి, కాలవలోంచి బీలలోకి పోయేది. అన్నదమ్ములకి ఇల్లు పంచినప్పుడు మా మామగారు పెట్టించిన తూము అది. కొబ్బరికాయ పట్టేంత కంత. అన్నేళ్ళూ దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, అంత బాగా పనిచేసేది.

వీధి వైపు పంపించుకోవచ్చు కదా అంటారు తెలియనివాళ్ళు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పోసి పోసి, ఇప్పుడు వీధి మా గుమ్మం కన్నా ఎత్తయిపోయింది. మోటారు పెట్టి తోడి రోడ్డు మీదికి వదిలితే, ఆ నీళ్ళు అటూ ఇటూ తిరిగి మా గుమ్మంలోంచే లోపలికి వచ్చాయి. వాటికి కూడా మా ఇల్లే నచ్చింది.

తూము మూయడానికి కారణం బావగారి కోడలు శ్రావణి. ఆ పిల్ల తప్పేమీ లేదు, ముందే చెబుతున్నాను. దాని మొగుడు వరుణ్ విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం చేస్తాడు, నెలకోసారి వస్తాడు. శ్రావణికి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు ఆ పిల్ల గోడకవతల కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం ఇవతల నాకు వినిపించింది. అప్పుడు టెక్కలి వైపునుంచి ఒక సిద్ధాంతిని కారులో తీసుకొచ్చారు. ఆయన ఇల్లంతా తిరిగి, పెరట్లో నైరుతి మూలకి వచ్చి ఆగాడు. ఇక్కడ కంత ఉంది, పరాయి నీరు నైరుతిలోంచి వస్తోంది, ఈ కంతలోంచే మీ సంతానం జారిపోతోంది అన్నాడు. మా తూము సంగతే ఆయన చెప్పింది. మా పెరటి వాన పరాయి నీరైంది. మర్నాడే కంకర, సిమెంటు కూరి మూసేశారు. మాతో ఒక్క మాట అంటే ఒట్టు.

అది చాలదన్నట్టు, కోడలు పురుడయ్యేదాకా నైరుతి గదిలోనే దక్షిణానికి తల పెట్టి పడుకోవాలన్నాడు. ఆ గదికీ మా వెనకగదికీ మధ్య ఉన్నది ఉమ్మడి మట్టిగోడ. మా మామగారి తండ్రి నాటిది. తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోయాక రెండిళ్ళవాళ్ళమూ ఇనుప స్తంభాలు నిలబెట్టి రేకులు వేసుకున్నాం కాబట్టి గోడ మీద బరువేమీ లేదు, ఊరికే అడ్డంగా నిలబడి ఉంది. బావగారు ఆ గదికి తమ వైపు గోడంతా తెల్లటి ప్లాస్టిక్ పలకలు కొట్టించారు. పెళ్ళివారి విడిదిల్లులా తయారైంది.

తర్వాత శ్రావణికి నెల తప్పింది. ఈసారి నిలిచింది. నాకు సంతోషం కలగలేదంటే నా కళ్ళు పోతాయి. కాని దాంతో మా తూము కథ ముగిసిపోయింది. మూసినందుకే కడుపు నిలిచిందని వాళ్ళ నమ్మకం. తెరవమన్నవాళ్ళు బిడ్డ ప్రాణం అడిగినట్టే లెక్క.

అయినా అడిగాను.

"బావా, పెరట్లో నీళ్ళు నిలిసిపోతన్నాయి. కడుపు నిలిసింది కదా, ఇంక తూము తెరిపించు" అన్నాను.

"తెరిత్తే నా మనవడికేటైనా అయితే నువ్వు తెచ్చిత్తావేటి?" అన్నాడాయన.

"నీ మనవడు నా పెరటి నీళ్ళ మీద తేలి రాలేదు కదా బావా."

"సూసేవా తాతారావూ, నీ పెళ్ళాం ఎలగ మాటాడతందో" అని ఆయన మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన యథాప్రకారం నేల వైపు తిరిగాడు.

నా ఇంట్లో గునపం లేక కాదు. ఒకరోజు చేతబట్టుకుని ఆ మూసిన కంత ముందు నిలబడ్డాను కూడా. ఒక్క పోటు చాలు. కాని రెండుసార్లు పోయిన కడుపు మూడోసారీ పోతే? చస్తే కూడా ఆ నింద నా నెత్తిమీంచి దిగదు. నీళ్ళు మోయగలను గాని ఆ నింద మోయలేననిపించింది. గునపం తెచ్చి లోపల పెట్టేశాను. ఆ రోజంతా ఎవరి మీద కోప్పడాలో తెలియక గిన్నెల మీద కోప్పడ్డాను.

వానలు మొదలయ్యాక పెరడు చెరువయ్యింది. వెనకగది గోడకి నడుమెత్తున చెమ్మ ఎక్కింది. బియ్యం బస్తా ముక్కిపోయింది, దుప్పట్లు ముక్కిన కంపు. విసుగెత్తి నా వైపు గోడకి కింద సిమెంటు పూయించాను. నా వైపు ఆరింది. ఆ చెమ్మంతా ఎటు పోతుందని అప్పుడు ఆలోచించలేదు. నీళ్ళు ఆపినవాళ్ళు మాత్రం ఆలోచించారా?

ఈ గొడవ మధ్యన కూడా నేనూ శ్రావణీ మాట్లాడుకునేవాళ్ళం. గోడకీ రేకులకీ మధ్య జానెడు సందు ఉంది. డాక్టరమ్మ మంచం దిగొద్దందని ఆ పిల్ల రోజంతా గోడవారనే పడుకుని ఉండేది. మధ్యాహ్నం వాళ్ళత్త కునుకు తీసే వేళకి "సిన్నత్తా, ఏటి కూర?" అని సందులోంచి చిన్నగా గొంతు వచ్చేది. రొయ్యపొట్టు వేపుడంటే కడుపులో తిప్పుతుందనేది, అంటూనే కొంచెం పెట్టమనేది. గిన్నె కర్రకి కట్టి సందులోంచి అవతలికి దింపేదాన్ని. వాళ్ళ మామతో నాకు మాటల్లేవు. దానితో ఉన్నాయి.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. ఒకరోజు పొద్దున వెనకగదిలో కొబ్బరిమట్టలు తీస్తుంటే ఇనుప స్తంభం వెనక పడ్డ గరిటె కోసం చెయ్యి పెట్టాను. చెయ్యి మోచేతిదాకా దూరిపోయింది. ఆ స్తంభాన్ని గోడకి ఆనించి పాతించింది నేనే. సందు ఎక్కడినుంచి వచ్చింది? పైకి చూశాను. గోడ నెత్తి నా స్తంభాన్ని వదిలి అవతలికి వాలి ఉంది. కింద నా వైపు సిమెంటు గట్టిగానే ఉంది. అంటే చెమ్మ అవతలివైపుకి తిరిగి, ఆ తెల్ల పలకల వెనక మట్టిని తినేస్తోంది. గోడ వాలింది శ్రావణి మంచం మీదికి.

కొంగైనా బిగించకుండా వాళ్ళింటికి పరిగెత్తాను. బావగారు అరుగు మీద టీ తాగుతున్నాడు. నూకరత్నం పక్కన కూర్చుని కొబ్బరి తురుముతోంది.

"బావా, ఆ గుంటని, శ్రావణిని, ఆ గదిలోంచి లేపీండి. గోడ దాని మీదకి వత్తంది" అన్నాను.

నూకరత్నం చేతిలో చిప్ప కింద పడేసింది. "ఏటే? ఏటన్నావే? కడుపుతో ఉన్న గుంట మీద గోడ పడాలని నా గుమ్మంలోకొచ్చి దీవిత్తన్నావేటే?"

"దీవించడం కాదప్పా, గోడ వాలిపోనాది. వచ్చి సూడు."

"నీ తూము తెరవలేదని ఇన్నాళ్ళూ మా మీద ఏడిసేవు. ఇప్పుడు దాని కడుపు మీద పడ్డావు. నడు, నా ఇంట్లోంచి నడు."

నేను వీధిలోకి దిగేలోపే వెనక ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. ఆ ఘాటు నా ముక్కుకే తగిలింది. జీవితంలో మొదటిసారి మంచి మాట చెప్పడానికి ఆ గుమ్మం తొక్కితే దిష్టి తీశారు.

ఇంటికొచ్చి మా ఆయన్ని పంపించాను. నా నోటితో చెబితే శాపమైంది, తమ్ముడు చెబితే మాటవుతుందేమోనని. పోయిన మనిషి పోయినంత వేగంగా వచ్చాడు.

"అన్నయ్య గోడ కొట్టి సూపించేడు. గట్టిగానే ఉంది" అన్నాడు.

"గోడ కొట్టేడా, పలక కొట్టేడా?"

ఆయన ఆలోచించాడు. "పలకే" అన్నాడు.

"మీ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక బుర్ర పెట్టేడా దేవుడు?"

ఇక మిగిలింది శ్రావణే. మధ్యాహ్నం బల్ల ఎక్కి సందులోంచి పిలిచాను.

"శ్రావణీ, నీ తల కాడ పలకని చేత్తో నొక్కు."

పలక మీద గాజుల చప్పుడయ్యింది. తర్వాత సన్నగా, "సిన్నత్తా, మెత్తగా లోనకెల్లిపోతంది. బురద వాసనొత్తంది" అంది.

"లెగు. ముందు గదిలోకి పో. ఎవరేటన్నా తిరిగి రాకు."

ఆ పిల్ల లేచి వెళ్ళింది. అమ్మయ్య అనుకున్నాను. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే నూకరత్నం గొంతు గోడవతల వినిపించింది. నైరుతి గది వదలొద్దని సిద్ధాంతి చెప్పలేదా, ఆ దొంగముండ మాట విని బిడ్డని పోగొట్టుకుంటావా అని తిడుతూ కోడల్ని మళ్ళీ అదే మంచం మీద పడుకోబెట్టింది. దొంగముండ అన్నందుకు నాకు బాధ లేదు. అంతకన్నా మంచివే నేనూ అన్నాను ఆవిణ్ణి. కాని మంచం కిర్రుమన్న చప్పుడు విన్నాక మళ్ళీ వెళ్ళి స్తంభం వెనక సందులో చెయ్యి పెట్టి చూశాను.

మర్నాడు వాన తెరిపి లేకుండా దంచింది. పెరట్లో నీళ్ళు గట్టు దాటి గోడ మొదట్లోకి వచ్చాయి. స్తంభం వెనక సందులో ఇప్పుడు నా భుజం పడుతోంది. ఇవాళో రేపో కాదు, ఇవాళే. ఆ గోడ ఎలాగూ పడుతుంది. ఎటు పడాలన్నదే మిగిలింది.

"మావా, దూలానికున్న మోకులు దింపు" అన్నాను మా ఆయనతో.

"ఏటి సేత్తావే?"

"గోడ పడగొడతాను. మన వైపుకి."

"కడుపుతో ఉన్న మనిషుండగా గోడ పడగొడతారేటే ఎవరైనా? గునపమే ముట్టుకోకూడదు."

"ముట్టుకోకపోతే ఆ గోడే దాన్ని ముట్టుకుంటాది. దింపుతావా, నేనెక్కమంటావా?"

దింపాడు. ఒక వెదురు గెడకి రెండు కొసలా మోకులు కట్టి, సందులోంచి గెడని అవతలికి జార్చాం. అది గోడ నెత్తికి అవతలివైపు అడ్డంగా ఆనుకుంది. ముందు గోడ అవతలికి పోకుండా మోకుల్ని మా స్తంభాలకి బిగించి కట్టాం. అప్పుడు నేను గునపం తీసుకుని, ఎంతో ముచ్చటపడి పూయించుకున్న నా సిమెంటుని నేనే పొడిచి, నా వైపు గోడ మొదలు గాడిలా తవ్వాను. తవ్వుతున్నంతసేపూ తిట్టాను. సిద్ధాంతిని, బావని, అప్పని, రోడ్లు పోసినవాళ్ళని, మా ఆయన్ని. ఎవరినీ వదల్లేదు.

"శ్రావణీ" అని అరిచాను. "లెగిసి గుమ్మం కాడికి పో. మీ అత్త సెయ్యి పట్టుకుంటే కొరికీ."

"ఎల్లేను సిన్నత్తా" అని దూరంనుంచి వినిపించింది. వెనకాలే నూకరత్నం కేకలు.

మోకులు విప్పి చెరొకటీ నడుముకి చుట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళి ఇద్దరం ఒక్కసారి లాగాం. మొదటిసారి కదల్లేదు. రెండోసారి గోడ నెత్తి నిదానంగా నా వైపు తిరిగింది. మూడోసారి లాగక్కర్లేకుండానే వచ్చి పడింది. నా ధాన్యం బస్తాలు, రుబ్బురోలు, బట్టల పెట్టె, అన్నీ దాని కిందే. ఆ గదిలో నాకు ఇంకేమీ మిగల్లేదు.

బావగారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. గోడ లేదు కాబట్టి చుట్టూ తిరిగి రావక్కర్లేదు, తిన్నగా నా గదిలోకే వచ్చాడు. చెయ్యెత్తాడు. అప్పుడు మా ఆయన నాకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి.

"ముందు కింద సూడన్నయ్యా" అన్నాడు.

గోడ మొదలు మోకాలెత్తున మిగిలి ఉంది. నా వైపు సిమెంటు పెచ్చు. అవతలి వైపు, పలకలు ఊడిపోయిన చోట, మట్టి నానబెట్టిన పిండిలా జారి నేల మీదికి కారింది. నడుమ గట్టిగా నిలిచింది బెత్తెడు కూడా లేదు. ఆ బెత్తెడు మట్టికి ఆనుకునే శ్రావణి మంచం తలవైపు. తలగడ మీద నల్లటి ముద్దలు అప్పటికే రాలి ఉన్నాయి, నేను లాగడానికి ముందు పలకల సందుల్లోంచి రాలినవే. బావగారు ఒక ముద్ద వేలితో చిదిపి చూశాడు. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించాడో ఆయనకే తెలియదు.

నూకరత్నం మాత్రం ఊరుకుంటుందా? "ఇదంతా నీ పెరట్లో నీళ్ళ వల్లే కదే" అంది.

నాకు తల తిరిగింది. గునపం తీసుకుని పెరట్లోకి నడిచాను. వానలో నా వెనకాలే అందరూ వచ్చారు. మూసేసిన తూము ముందు మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాను. బావగారు గబగబా వచ్చి నా చేతిలోంచి గునపం లాక్కున్నాడు. లాక్కుని తను కొట్టాడా అంటే, అదీ లేదు. దాన్ని పట్టుకుని కంత వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆయన మొహం చూస్తే నాకు అర్థమైంది. గోడ సంగతి ఆయనకి బోధపడింది. భయం మాత్రం పోలేదు. ఆ రోజు నేను దేనికి భయపడి వెనక్కి తిరిగానో దానికే ఆయనా భయపడుతున్నాడు. నాకు జాలి కలగాల్సింది. కలగలేదు.

"నిందకే కదా నీ భయం?" అన్నాను. "నాకియ్యి. నేను కొడతాను. బిడ్డ పోతే నా పేరు సెప్పుకోండి. నిలిత్తే మీ సిద్ధాంతి పేరు సెప్పుకోండి."

ఆయన గునపం నా వైపు చాచాడు. ఎంత తొందరగా చాచాడో. చేతిలోంచి పాము దిగిపోతున్నట్టు ఊపిరి కూడా వదిలాడు. అంతకుముందు పట్టిన కోపమంతా ఒకెత్తు, ఆ ఊపిరి విన్నప్పుడు వచ్చిన కోపం ఒకెత్తు.

"సిన్నత్త పేరేల మావయ్యా?"

వెనక్కి తిరిగాం. శ్రావణి పడిపోయిన గోడ దాటి, మా వెనకగుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో పొట్ట పట్టుకుంది. వాళ్ళత్త వెళ్ళి పట్టుకోబోతే ఆ చెయ్యి నెమ్మదిగా తీసేసింది.

"కడుపు నాది. రెండుసార్లు పోనప్పుడు కూడా నన్నే అన్నారు కదా, కొత్తేటి. తూము కొట్టమన్నది శ్రావణి అని సెప్పుకోండి. కొట్టండి మావయ్యా."

బావగారు గునపాన్ని ఇప్పుడు నాకు ఇవ్వలేడు, కింద పడేయలేడు. నేను చెయ్యి చాచలేదు. ఆయన కోడలి వైపు చూడకుండా వంగి కొట్టడం మొదలెట్టాడు. సిమెంటు గట్టిగానే కూరించాడు, తొందరగా రాలేదు. రొప్పుతూ, జారుతూ, పంచె మొత్తం బురద చేసుకుంటూ కొడుతూనే ఉన్నాడు. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చివరికి ఒక కంకర ముక్క ఊడి అవతలికి పోయింది. దాని వెనక నీళ్ళు గుడగుడమంటూ దారి పట్టాయి.

నేను లోపలికి వెళ్ళి మా ముందుగదిలో మంచం మీద పొడి దుప్పటి వేసి శ్రావణిని కూర్చోబెట్టాను. కాళ్ళకున్న బురద కడుగుతుంటే నా జబ్బ గట్టిగా పట్టుకుని వదల్లేదు. అప్పుడు తెలిసింది, ఆ మాట అనడానికి ఆ పిల్ల ఎంత భయపడిందో.

"ఏటైనా అవుద్దా సిన్నత్తా?" అంది.

ఏమీ కాదే అని చెప్పాలి. ఏ ఆడదైనా అదే చెబుతుంది. కాని నాకేం తెలుసు? దాని పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచాను. ఇంతమంది పెద్దవాళ్ళం ఉండి, ఆ నింద ఎత్తుకోమని ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకి వదిలేశాం. నాకు ఏడుపొచ్చింది. అదీ కోపంతోనే వచ్చింది.